లోపం లేని దేవుడికి ఎనిమిది వేళ్ల దండ

పద్మనాభ్ బావా,

మీ గుడిలో ఉన్నది పరిపూర్ణుడైన భగవంతుడా, పెళ్లిచూపులకు వచ్చి పిల్ల వేళ్లు లెక్కపెట్టే పెళ్లికొడుకా? ధర్మకర్తవు కదా, అరుగుల మీద ఉపన్యాసాలు చెప్పుకునే ఈ బామ్మర్దికి జవాబు చెప్పు.

రేణిగుంట ఫ్యాక్టరీ మిషన్‌లో రెండు వేళ్లు పోగొట్టుకున్న నీ కూతురు గోదా, మిగిలిన వేళ్లతో దండ కట్టడం మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. నిన్న ఆ దండ తెస్తే నువ్వు గుడి గుమ్మంలోనే ఆపి, "లోపమున్న చేత్తో కట్టింది సామికి పనికిరాదమ్మా, తీసకపో" అన్నావట. నేను మీ ఇంటికి వెళ్లేసరికి పిల్ల దండ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మామా, సామి నా ఏళ్లు సూస్తాడని నాయన చెప్పినాడు. పూలు సూడడా?" అని అడిగింది.

శాస్త్రాలన్నీ తిరగేశాను. వెలితి లేనివాడే దేవుడన్నాయి. దండ కట్టిన చేతికి రెండు వేళ్లు లేకపోతే తాను తగ్గిపోయేవాడు దేవుడెలా అవుతాడు? వాడూ నీలాంటి ధర్మకర్తే! భక్తుడి గునపం దెబ్బ తగిలిందని కొండమీది స్వామి గడ్డానికి రోజూ పచ్చకర్పూరం పెడుతున్నాం. మొహాన గాయముందని ఆయన్ను గర్భగుడిలోంచి దించేశామా? జనం చూస్తారని సిగ్గుపడేది నువ్వు. దానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకోకు.

సాయంత్రమే ఊరేగింపు. బజారు దండ తెప్పించావట, అది నీ మెడలో వేసుకో. చదవడం ఆపి ఇంటికి నడువు. గోదాను ఆ చెయ్యే పట్టుకుని అందరి ముందూ గుడికి తీసుకురా. ఇవాళే బావా, పల్లకీ లేవకముందే!