గోడకు అటూ ఇటూ పశువుల పాక

డిసెంబరు 1, 1946. ఆదివారం

క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలం మొదలైంది. ఈ ఏడు ఆర్భాటాలు వద్దని ఫాదర్ గారు ప్రసంగంలో గట్టిగా చెప్పారు. పంచదార కంట్రోల్, కిరసనాయిలు కంట్రోల్, గుడ్డ కంట్రోల్. ఇంటిల్లిపాదీ కూర్చుని చేతులతో చేసుకునేదే పండగ అన్నారు. స్టార్ కట్టుకోండి, బొమ్మలతో పశువుల పాక పేర్చుకోండి, పాటలు పాడుకోండి, దానికి ఖర్చేముంది అన్నారు.

ఇంటిల్లిపాదీ అన్న మాట దగ్గర నేను ముందు వరసలో ఉన్న అక్క వీపు వైపు చూశాను. అక్క తల తిప్పలేదు. పూజ అయ్యాక ఆమె ఆ గుమ్మంలోంచి, నేను ఈ గుమ్మంలోంచి బయటికొచ్చాం.

ఆమె తిప్పకపోతే నేనెందుకు తిప్పాలి?

డిసెంబరు 3

రాస్తే కోపం తగ్గుతుందని ఫిరంగిపురం స్కూల్లో సిస్టర్ చెప్పేది. నాకు పెరుగుతోంది. అయినా రాస్తాను.

తోడబుట్టిన అక్కా నేనూ ఒకే ఇంటి కోడళ్లం. అక్కను అన్నకిచ్చారు, నన్ను తమ్ముడికిచ్చారు. పెళ్లయ్యాక కూడా ఒకే కంచంలో తిన్నవాళ్లం. ఎడ్లను ముందు ఎవరి చేనికి తోలాలన్న దగ్గర అన్నదమ్ములిద్దరికీ మాట పట్టింపు వచ్చింది. ఈస్టర్ వెళ్లగానే వేరుపడ్డారు. సావిడి నడుమ నాపరాళ్లూ మట్టీ పెట్టి గోడ లేపారు. మేస్త్రిని కూడా పిలవలేదు, ఆ కోపంలో వాళ్లే కట్టేశారు. మొగుళ్లు మాట్లాడుకోకపోతే పెళ్లాలు మాట్లాడుకోకూడదట. ఇది ఏ చట్టంలో ఉందో నాకు తెలియదు. అక్క పాటించింది కాబట్టి నేనూ పాటించాను.

పంపకాలు చేసింది చెన్నకేశవులు గారు. ఊరికి పెద్దమనిషి, ధర్మాత్ముడు, కానీ ఆయనకు క్రిస్మస్ గురించి ఏం తెలుసు? గిన్నెలయ్యాయి, మంచాలయ్యాయి, చివరికి పాక బొమ్మల గంప తెచ్చి ముందు పెట్టారు. మామయ్య బతికుండగా గుంటూరు నుంచి గడ్డి పరిచి తెచ్చిన బొమ్మలు అవి. చెన్నకేశవులు గారు పిల్లల ఆటబొమ్మలనుకుని చెరిసగం చేశారు. మరియమ్మ, జోజప్ప, దేవదూత, ఒంటె మాకు. గొల్లలు, గొర్రెలు, ఎద్దు, గాడిద, ముగ్గురు రాజులు వాళ్లకు. బాలయేసు అన్నిటికన్నా చిన్నగా ఉన్నాడు. పెద్దోడికి కొసరు కింద ఉండనీయండయ్యా అని ఆ వాటాలో వేశారు.

అన్నదమ్ములిద్దరూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. అట్లా కాదండీ అంటే అవతలివాడి ముందు తగ్గినట్టని.

డిసెంబరు 8. నిష్కళంక మాత పండగ

మూకుళ్లలో మట్టి పోసి జొన్నలు చల్లాను. పండగనాటికి పాక ముందు పచ్చిక అవుతుంది. నీళ్లు పోసే ఉద్యోగం మా అమ్మాయి మార్తది. దానికి ఆరేళ్లు. పూటకొకసారి అంటే గడియకొకసారి పోస్తోంది.

పెరట్లో సున్నం నానేశాం. అవతలి పెరట్లోనూ సున్నం కుతకుతలాడుతోంది.

డిసెంబరు 11

అత్తయ్య ఒక నెల వాళ్లింట, ఒక నెల మా ఇంట ఉంటుంది. డిసెంబరు వాళ్ల వంతు. ఈ రోజు వీధి అరుగు మీద కూర్చుని ఉంటే పక్కన కూర్చున్నాను. అరుగు ఇంకా పంచలేదు.

పండగకు ఏ పాట ఎత్తుకుంటావత్తయ్యా అని అడిగాను. మా ఇంట క్రిస్మస్ పాట అత్తయ్య ఎత్తుకోవాలి, మేమందరం అందుకోవాలి. మామయ్య ఉన్నప్పుడూ అంతే. ఈసారి పాడనంది. తల్లి ఒకింట్లో, బిడ్డ ఒకింట్లో ఉంటే ఏందని పాడేదే, సిగ్గులేదూ అంది. మీకు కాదే సిగ్గు, కన్నందుకు నాకుండాలి అని కూడా అంది.

నేను లోపలికొచ్చి ఊరికే గిన్నెలు తోమాను. తోమినవే తోమాను. అత్తయ్య పాడని క్రిస్మస్ నాకు వద్దు. కానీ వెళ్లి అక్కతో ఆ మాట చెప్పడానికి కాళ్లు రావడం లేదు. ఆమె పెద్దది, ముందు ఆమే పలకరించాలి.

డిసెంబరు 13

నిశ్చయించుకున్నాను. బిడ్డ లేకపోతే బిడ్డను చేసుకుంటాను. చేను గట్టు నుంచి నల్లరేగడి తెచ్చి పిసికి, బాలయేసును చేశాను. నా చేతిలో ఇంత పని ఉందని నాకే తెలియదు. బుగ్గలు కూడా వచ్చాయి. ఫస్ట్ క్లాస్.

డిసెంబరు 15

ఎండేసరికి నెర్రెలిచ్చింది. ముఖం మీద అడ్డంగా ఒకటి, పొట్ట మీద నిలువుగా ఒకటి. ఎండాకాలం మా చేను ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాడు దేవుడు. మార్త చూసి దెబ్బ తగిలిందా అని ఊదింది.

మా ఆయన చూసి, రేగడితో ఎవరన్నా బొమ్మలు చేస్తారంటే, ఇసుకన్నా కలపాల గదా అన్నారు. ముందెందుకు చెప్పలేదంటే నువ్వడిగావా అన్నారు. ఈయన మీద కోపం వస్తే ఇంకో పేజీ కావాలి.

డిసెంబరు 18

స్టార్ కట్టాం. ఈ రోజు మాత్రం బాగుంది, ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆయన వెదురు చీల్చి బద్దలు చేశారు, నేను పురికొసతో కట్టాను, మార్త గాలిపటం కాగితాలకు మైదా పేస్ట్ పూసింది. కాగితం కంటే గౌనుకు ఎక్కువ పూసింది. ఒక కొమ్ము మిగతావాటికన్నా పొడుగొచ్చింది. అది బెత్లెహేము వైపు చూపించే కొమ్మని ఆయన సర్దిచెప్పారు. అందరం నవ్వాం.

నవ్వు ఆగాక గోడ అవతల కూడా వెదురు చీలుస్తున్న చప్పుడు వినిపించింది. ఆయన కత్తి కింద పెట్టి కాసేపు విన్నారు. అన్నయ్యకు బద్ద సన్నంగా తీయటం రాదు, చెయ్యి కోసుకుంటాడు అని మెల్లగా అన్నారు. వెళ్లి తీసివ్వొచ్చు కదా అన్నాను. లేచి పశువుల దగ్గరికి పోయారు.

డిసెంబరు 20

అరిసెలు. పంచదార కంట్రోల్ అయితే మాకేం, బెల్లం ఉంది. చలిమిడి ముద్ద చేతిలోకి తీసుకోగానే ఆలోచన వచ్చింది. మళ్లీ బాలయేసును చేశాను. నెర్రెలు లేవు, నున్నగా, తెల్లనువ్వుల జుట్టుతో ముద్దొచ్చాడు. గూట్లో దాచాను.

డిసెంబరు 21

మార్త ఒక కాలు తినేసింది. అడిగితే చీమలు అంది. చీమల మూతికి చలిమిడి అంటుకోదు.

డిసెంబరు 22. ఆదివారం

గుడి నుంచి వస్తూ మార్త ఒక కబురు మోసుకొచ్చింది. అక్క కూతురు లూర్దు చెప్పిందట. వాళ్లింట్లో అక్క మట్టితో మరియమ్మను చేస్తోందట. మొదటిది చూసి బావగారు పోలీసోడిలా ఉందన్నారట, అక్క దాన్ని ఆయన మీదికి విసిరిందట. రెండోది బాగానే వచ్చిందట.

మా ఇంట్లో బిడ్డ కోసం నేను, వాళ్లింట్లో తల్లి కోసం అక్క. నవ్వు వచ్చింది. తర్వాత చాలా బాధగా అనిపించింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చేస్తే ఎంత బాగుండేది!

డిసెంబరు 24, పొద్దున

ఇల్లంతా తెల్లగా ఉంది. ముగ్గు పెట్టాను. పాక పేర్చే చోటు సావిడి నడుమ ఉండేది, ఇప్పుడు ఆ చోట గోడే ఉంది. అందుకని గోడకు ఆనించే నాపరాళ్లు నిలబెట్టి పైన వరిగడ్డి కప్పాను. జొన్న మొలకలు జానెడు వచ్చాయి. మరియమ్మ, జోజప్ప వంగి ఖాళీ గడ్డి వైపు చూస్తున్నారు. ఒంటికాలి చలిమిడి దేవుణ్ణి అక్కడ పెట్టడానికి మనసొప్పలేదు.

పైన నీలం గుడ్డ ఆకాశంలా కట్టాలి. గోడకు మేకు కొట్టాలి. ఆయనా బావగారూ గుడి దగ్గర పందిరి పనిలో ఉన్నారు. నేనే కొడతాను.

డిసెంబరు 24, సాయంత్రం

రాత్రి పూజకు బయల్దేరేలోపు ఇది రాయాలి.

మేకు కొట్టాను. నాలుగు దెబ్బలకు మట్టి రాలింది. ఇంకొకటి వేశాను. మేస్త్రి లేకుండా కోపంతో కట్టిన గోడ కదా, ఒక నాపరాయి నా కళ్లముందే జారి అవతలికి పడింది. ధన్‌మని చప్పుడు. తర్వాత అక్క గొంతు.

ఒసేయ్ చిన్నదానా, నీ చేతులు పడిపోను, ఏందే ఈ పని, పొద్దుట్నించీ కూసోని రంగులేసిన మరియమ్మను ముక్కలు చేశావు గదే అని మొదలుపెట్టింది. వాళ్లూ పాకను గోడకే ఆనించి పేర్చారట! గోడ కట్టింది నీ మొగుడు, నన్నంటావేంది అన్నాను. నీ మొగుడు చేతులు కట్టుకోని నిలబడ్డాడా, మట్టి అందించింది ఎవరంది. నువ్వు చర్చిలో మూతి తిప్పుకోలేదా అన్నాను. నువ్వు పలకరిస్తే కదా అంది. పెద్దదానివి నువ్వు పలకరించాలన్నాను. చిన్నదానివి నువ్వు రావాలంది. ఇన్ని నెలల తిట్లూ ఆ కన్నంలోంచే పోయాయి, వచ్చాయి. దేవుడా, ఎంత హాయిగా ఉందో! నా అక్క నన్ను తిడుతోంది.

తిట్టడానికి ఊపిరి అయిపోయాక కన్నంలోంచి తొంగిచూసింది. ముక్కు మీద సున్నం. ఏందే ఇంత చిక్కిపోయావు, తింటన్నావా లేదా అంది. అంతే, నేను ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. పిల్లలిద్దరూ గోడకు అటొకరు, ఇటొకరు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

నీ మరియమ్మను ఇటు చూపించు అని అక్క అడిగింది. తెచ్చి కన్నంలో పెట్టాను. అక్క లోపలికెళ్లి పట్టుగుడ్డ మూట తెచ్చింది. బిడ్డను రాత్రి పూజయ్యాకే పెట్టాలి, అది ఆచారం. ఇప్పుడు వద్దులే అక్కా అన్నాను. ఆచారం తెలిసిన మొహాలే మనయ్యి అని తల్లి పక్కన పెట్టేసింది.

మిగతావాటిని ఒక్కొక్కటిగా చేర్చాం. జొన్న మూకుళ్లు అటొకటి, ఇటొకటి. గొల్లలు వాళ్ల వైపు, దేవదూత మా వైపు. రాజులు వచ్చి ఒంటె కోసం నిలబడ్డారు. ఒంటె ఆ కన్నంలో పట్టలేదు.

అప్పుడు మగవాళ్లు వచ్చారు. ఇద్దరూ రెండు గుమ్మాల్లోంచి ఒకేసారి. నాకు భయమేసింది. గోడ పగిలిందని మళ్లీ పెద్దమనుషుల దగ్గరికి పోతారేమో, అక్క మళ్లీ నోరు మూసుకుంటుందేమో అని. బావగారు అటు నుంచి వంగి చూశారు. ఈయన ఇటు నుంచి వంగి చూశారు. అన్నదమ్ములిద్దరూ బొమ్మల మీదుగా ఒకరినొకరు చూసుకున్నారు. బావగారి చేతికి గుడ్డ కట్టు ఉంది, వెదురు కోసుకుంది.

చివరికి బావగారు, ఒరేయ్, ఒంటె పట్టటంలా, గడ్డపార తీసుకురా అన్నారు.

ఈయన పరిగెత్తారు. ఆ పరుగు నేను పెళ్లినాడు కూడా చూడలేదు. ఇటు నుంచి ఈయన, అటు నుంచి ఆయన ఇంకో రాయి తీశారు. ఒంటె పట్టింది.

అవతల మంచం కిర్రుమంది. అత్తయ్య లేచి వచ్చి, గోడ దగ్గర కూర్చుని, గొంతు సవరించుకుంది. ఎత్తుకుంది.

డిసెంబరు 25

పండగ. రాయడానికి తీరిక లేదు. అరిసెలు కన్నంలోంచి పోతున్నాయి, బూరెలు వస్తున్నాయి. ఒంటికాలి దేవుణ్ణి పిల్లలు పంచుకుని తినేశారు.

జనవరి 7, 1947

నిన్న రాజుల పండగ అయింది. బొమ్మలన్నీ ఒకే గంపలో సర్దాం. గంప ఎవరింట్లో ఉండాలని ఎవరూ అడగలేదు.

ఈ రోజు కన్నం పూడుస్తామని అన్నదమ్ములు మట్టి కలిపారు. తాపీ పట్టుకుని అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. మిరప ధర గురించి మొదలుపెట్టారు. ఎడ్ల దాకా వెళ్లారు, రేపు నా చేను, ఎల్లుండి నీ చేను అనుకున్నారు. భోజనాలకు పిలిస్తే కన్నంలోంచే అందించమన్నారు. సాయంత్రానికి తట్టలో మట్టి గట్టిపడిపోయింది. ఇంకోరోజు చూద్దాంలే అన్నారు.

జనవరి 12

ఈ నెల అత్తయ్య మా ఇంట ఉంది.

మధ్యాహ్నం సావిడిలో ధన్‌మంది. ఇంకో నాపరాయి ఊడి పడి ఉంది. ఈసారి మేకు కొట్టింది నేను కాదు. అక్కను అడిగితే తానూ కాదంది.

అన్నం పెట్టే ముందు అత్తయ్య చేతులు కడిగాను. గోళ్ల నిండా మట్టి. ఇంకో చెంబుడు నీళ్లు పోశాను.