తాతకన్నా ముందు విన్నవాళ్లు

జూన్ 4
రాధ వచ్చింది! చెప్పాపెట్టకుండా, తిరుపతి నుంచి మొదటి బస్సుకే. లాయరై పదేళ్లు, కోర్టు ఉన్న రోజున నా కూతురు ఇల్లు చూసిందే లేదు. రాగానే ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. నన్ను మామిడితోపులోకి లాక్కుపోయి చెవిలో చెప్పింది... పెళ్లైన తొమ్మిదేళ్ల తర్వాత! నేను తాతను! బంగారు తల్లి!
"ఫోన్లో సెప్పలేక వచ్చినా నాయనా. దాంట్లో ఎవరో వింటా ఉండారు."

జూన్ 5
ఆ ఫోను తయారుచేసిన కంపెనీ వాళ్లే హెచ్చరిక పంపారట — ప్రభుత్వం తరఫు వాళ్లెవరో మీ ఫోనులో దూరి ఉండొచ్చు అని. మాటలు వింటారు, ఫొటోలు చూస్తారు. తడ దగ్గర భూములు పోయిన రైతుల కేసు పట్టినప్పటి నుంచే అని రాధ అనుమానం.
"నేనేం తప్పు చేస్తిని నాయనా?"
తల నిమిరాను.

జూన్ 6
మూడో నెల దాటేదాకా కడుపు మాట బయటికి చెప్పకూడదని మా ఇంటి పద్ధతి. నా భార్య లక్ష్మి నోటికి తాళం వేసుకుని తిరుగుతోంది. నేను ఆగలేక కాణిపాకం పోయి అర్చన చేయించాను. ఎవరి పేరు మీద అని పూజారి అడిగితే, "ఇంకా పేరు పెట్టలేదు స్వామీ!" అనేశాను. ఆయన ఒకటే నవ్వు.
ఇంటికొస్తే లక్ష్మి తిట్లు. "సాటింపు వేసి రాకపోయినావా?"
తిట్టనీ. నా సంతోషం నాది! కానీ ఆ వినేవాళ్లు... డాక్టరమ్మ గదిలో మాట కూడా విన్నారేమో. తాతకన్నా ముందు.

జూన్ 9
అన్నం సహించడం లేదు రాధకు. మామిడికాయ ఊరగాయ ఒక్కటే. పిచ్చి సంతోషం నాకు.

జూన్ 10
ఫోనులో దూరినవాళ్ల మీద కేసు వేయాలంటే దాన్ని పరీక్షకు ఇవ్వాలట. ఇస్తే లోపలున్నదంతా పరీక్షించేవాళ్ల చేతికి పోతుంది — తొమ్మిదేళ్ల ఆసుపత్రి కాగితాలు, మా అల్లుడికి రాధ ఏడుస్తూ పంపిన మాటలు, బిడ్డ స్కానింగు. తుడిచేసి ఇస్తే సాక్ష్యం పోతుంది. ఇవ్వకపోతే దూరినవాళ్లెవరో తేలదు.
"సాటుగా సూసినోళ్లను పట్టుకునేదానికి, నేనే పిలిచి ఇంకొకరికి సూపించాల్నా నాయనా?"
ఏడో తరగతి చదివినవాణ్ణి. కళ్లనీళ్లు వచ్చాయి.

జూన్ 12
బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. రాధతో తిరుపతి పోతున్నాను. ఫోను పరీక్షకు ఇచ్చేదీ లేనిదీ ఈరోజే ఆమె చెప్పాలి. దారిలో ఒక్క మాటే అంది —
"సంతకం పెట్టేటప్పుడు పక్కన ఉంటావా?"
ఇస్తానని సంతకమా, ఇవ్వనని సంతకమా... నోటిదాకా వచ్చింది. అడగలేదు. అందరూ తొంగిచూసిన నా కూతురు, నా దగ్గరన్నా ఒక మాట దాచుకోనీ.
"ఉంటాను తల్లీ" అన్నాను.
బస్సు వస్తోంది...