మొక్కు బెల్లం

4 ఫిబ్రవరి 1985, సోమవారం. బత్తలపల్లె.

ఇల్లు చేరాం! బెంగుళూరు ఆస్పత్రిలో మూడు వారాలు పడుకుని వచ్చాక మన ఊరి ఎర్రదుమ్ము కూడా అత్తరులా ఉంది. ఒళ్లు తగ్గించడానికి డాక్టరు నా పొట్ట కోసి, నిమ్మకాయంత సంచి మిగిల్చి, దాన్ని పేగుకు కుట్టేశాడు. ఇకమీద తిందామన్నా పట్టదట.

మా నాయన నలభై ఏడో ఏట మా ఈ కిరాణా, శెనక్కాయల అంగట్లోనే, ఇదే గల్లాపెట్టె ముందు, ఒళ్లంతా చెమటలు పోసి, గుండె ఆగి పోయాడు. నాదీ ఆయన ఒళ్లే. నాకిప్పుడు నలభై ఆరు. మా ఆవిడ కన్యకమ్మ ఆ లెక్క నాకన్నా ఎక్కువసార్లు వేసి ఉంటుంది.

తీర్మానాలు:
ఒకటి. ఆరు వారాలు గంజి, మజ్జిగ, పప్పుకట్టు. అంతే!
రెండు. శెనక్కాయల కాటా మీద బరువు చూసుకోవడం.
మూడు. తీపి ముట్టను. డాక్టరు మూడుసార్లు చెప్పాడు. కన్యకమ్మ ముప్పైసార్లు చెప్పింది.

సాయంత్రం కాటా ఎక్కాను. మా గుమాస్తా జయరాముడు చూసి, "నూటా పన్నెండు కిలోలన్నా. తరుగు తీయాల్నా?" అన్నాడు. మట్టికీ తేమకూ తీసే తరుగు శెనక్కాయలకే కానీ మనుషులకు ఉండదని చెప్పాను. ఆపరేషన్‌కు ముందు నూట ఇరవై ఆరు!

6 ఫిబ్రవరి, బుధవారం

కన్యకమ్మ ఒక మొక్కు బయటపెట్టింది. నన్ను ఆపరేషన్ గదిలోకి తోసుకుపోయినప్పుడు మొక్కుకుందట. నేను ప్రాణాలతో ఇల్లు చేరితే కదిరి నరసింహస్వామికి తులాభారం, నా ఎత్తు బెల్లం. మార్చి 16, శనివారం. అంతవరకు తాను తీపి ముట్టదట. నిద్రలేపి ఓళిగ పెట్టినా కాదనని మనిషి!

బెల్లం ఇవాళే హిందూపురం నుంచి దిగింది. నూటా పన్నెండు కిలోలు, మూడు బస్తాలు. "ఆ పొద్దుకు మీరు ఇంకా తగ్గింటారు. మిగిలింది ఊరికి పంచుదాం" అంది. గోదాములో ఎలుకలున్నాయని బస్తాలు పడకగదిలో, నా మంచం పక్కనే పెట్టించింది.

మంచిదే. పక్కన పెట్టుకుని ముట్టకపోవడంలోనే మగతనం ఉంది.

11 ఫిబ్రవరి, సోమవారం

నూటా ఏడు! వెండి మొలతాడు తీయకుండానే!

పక్కింటి పుల్లన్న, మగ్గం నేస్తాడు, పరామర్శకు వచ్చాడు. నా గ్లాసులోకి తొంగి చూశాడు.

"ఏమప్పా రామలింగయ్యా! వానల్లేక ఊరంతా ఊరికే గంజి తాగుతాంటే, నువ్వు బెంగుళూరికి పోయి దుడ్లు కట్టొచ్చి గంజి తాగుతాండావా?"

నవ్వేవాళ్లను నవ్వనీ. పంచె ఇంకో చుట్టు వస్తోంది.

15 ఫిబ్రవరి, శుక్రవారం

గదంతా బెల్లం వాసన. వాసనకు బరువు ఉండదు కదా. మంచం కాస్త అటు జరుపుకున్నాను. అటు అంటే బస్తాల వైపు. ఇటు గోడ ఉంది.

18 ఫిబ్రవరి, సోమవారం

ఒక బస్తా కుట్టు వదులైంది. సరిచేద్దామని వేలు పెట్టాను. పొడి అంటింది. వేలు కడుక్కుందామంటే ఈ కరువులో నీళ్లు దండగ. నాకేశాను. ఇది తినడం కిందికి రాదు.

20 ఫిబ్రవరి, బుధవారం

ఒక్క ముక్క. గోలీ అంత. అబద్ధమెందుకు, నిమ్మకాయంత.

పావుగంటలో ఒళ్లంతా చెమటలు! గుండె దడదడ! కళ్లు తిరిగాయి. పోయాననుకున్నాను. ఈ సంచిలో తీపి నిలవదని, నేరుగా పేగులోకి దూకి ఇంత పని చేస్తుందని డాక్టరు నాకు చెప్పే పంపాడు. కన్యకమ్మకు ఆ సంగతి తెలియదు.

విసనకర్ర తెచ్చి గబగబా విసిరింది. "మామకూ ఇట్లే చెమట్లు పోసినాయే! స్వామీ, ఈ మనిషిని నాకు మిగిలిచ్చు. శనివారాలు కటిక ఉపవాసం ఉంటా" అని మొక్కింది.

చెప్పేద్దామనుకున్నాను. నోట్లో ఇంకా బెల్లం రుచి ఉంది. తెరవలేదు.

23 ఫిబ్రవరి, శనివారం

నూటా ఎనిమిది. ఒక కిలో పెరిగింది. కారణాలు: తడి పంచె. కాటా కింద గులకరాయి. జయరాముడికి చత్వారం.

కన్యకమ్మ నాకు గంజి కాచి ఇచ్చి, తాను నీళ్లు తాగి పడుకుంది.

27 ఫిబ్రవరి, బుధవారం

మళ్లీ తిన్నాను. మళ్లీ చెమటలు. ఆమె మంగళవారాలు కూడా ఉపవాసంలో చేర్చింది.

సిగ్గేసింది. కొత్త తీర్మానం: ఇక కొరకను. చప్పరిస్తాను. మెల్లగా చప్పరిస్తే చెమట పట్టదు! పరీక్ష చేసి చూశాను.

3 మార్చి, ఆదివారం

"బస్తా లోతుకు పోయినట్లుండాది" అంది కన్యకమ్మ.

"చీమలు" అన్నాను.

"చీమలు ఇంత తింటాయా?"

"కరువు కదా. వాటికి మాత్రం ఏముంది పాపం?"

బస్తాల చుట్టూ పసుపుతో గీత గీసింది. సాయంత్రానికి గీత దాటాను.

8 మార్చి, శుక్రవారం

నూటా పదకొండు!! మొలతాడు తీశాను. క్షవరం చేయించుకుని వచ్చి మళ్లీ ఎక్కాను. అదే. జయరాముడు నా గుండు చూసి, "ఇంక చెవులు కోయాల్నా అన్నా?" అన్నాడు. అవమానం తట్టుకోలేక చప్పరించడం మరిచిపోయి కొరికేశాను.

మూడోసారి చెమటలు. కన్యకమ్మ ఇక రోజూ ఒంటిపూటేనట. నాకు గాలి విసురుతుంటే ఆమె గాజులు మోచేతిదాకా జారిపోతున్నాయి. చూస్తే భయమేసింది. చెప్పాలి. రేపు చెబుతాను.

12 మార్చి, మంగళవారం

చెప్పలేదు. అంగట్లో బెల్లంతో బస్తా నింపుదామంటే జయరాముడు కనిపెడతాడు. నేనే తగ్గితే సరిపోతుంది కదా? నాలుగు రోజులున్నాయి. రేపటి నుంచి మజ్జిగే!

15 మార్చి, శుక్రవారం

రేపే ప్రయాణం. పొద్దుటి నుంచి మజ్జిగే తాగాను. దాదాపు. బస్సులో నీరసం వస్తే మందుగా ఉంటుందని చొక్కా జేబులో ఒక బెల్లం అచ్చు వేసుకున్నాను. మందుగా మాత్రమే.

16 మార్చి, శనివారం. కదిరి. ఆస్పత్రి వరండా.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎండలో చాలాసేపు వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. ఒక తట్టలో మూడు బస్తాల బెల్లం కుమ్మరించారు. రెండో తట్టలో నేను కూర్చున్నాను. నా తట్ట నేలకు దిగింది. బెల్లం పైకి లేచింది.

"చాలదప్పా, ఇంకా బెల్లం ఏయల్ల" అన్నాడు పూజారి. వెనక ఎవరో నవ్వారు.

కన్యకమ్మ బెల్లాన్ని చూసింది, నన్ను చూసింది. చేతులు జోడించి, "నా మొక్కులో ఏం తప్పు జరిగింది స్వామీ?" అంటూ అట్లే కూలిపోయింది.

నేను దూకాను. బెల్లం తట్ట దభీమని పడింది. ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను. ఒళ్లు చల్లగా ఉంది. నా ప్రాణం పోయినంత పనైంది. "నోట్లో తీపేమన్నా ఏయండప్పా, బిర్నా!" అని ఎవరో అరిచారు. చుట్టూ దేవుడి బెల్లం దొర్లుతోంది. నా చేయి మాత్రం అలవాటుగా జేబులోకే పోయింది. అచ్చు విరిచి ఆమె నోట్లో పెట్టాను.

కాసేపటికి కళ్లు తెరిచింది. "తీపి నాకొద్దు... మొక్కుండాది..."

"మింగేసినావు."

"ఈ బెల్లం యాడిది?"

"నా జేబులోది. బస్తాలోంచి తీసింది. చీమను నేనే కన్యకా! ఆ చెమట్లు బెల్లం తిన్నందుకు పోసినాయి. మూడుసార్లూ."

అంత జనంలో ఏడ్చేశాను. ఆమె తిడుతుందని చూశాను.

"అయితే గుండెది కాదా?"

"కాదు."

"నిజంగా కాదా?"

"నరసింహస్వామి మీద ఒట్టు."

కళ్లు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. తర్వాత నా తొడ మీద రక్తం వచ్చేలా గిల్లింది.

ఇక్కడ డాక్టరమ్మ చూసి నన్నే తిట్టింది. ఈమెకు రక్తం లేదట. రోజూ బెల్లం, శెనక్కాయలు పెట్టమంది.

18 మార్చి, సోమవారం. ఇల్లు.

మొక్కు మళ్లీ తీర్చుకోవచ్చని పూజారి చెప్పి పంపాడు. ఈసారి మొక్కుకున్నది నేను. కన్యకమ్మ కోలుకున్నాక ఆమె ఎత్తు బెల్లం. ఎంత పెరిగితే అంత! అంతవరకు నేను తీపి ముట్టను. ఆమె అట్లా పడిపోవడం చూశాక ఇక బెల్లం నోట్లో పెట్టడం నావల్ల కాదు.

బస్తాలు పుల్లన్న ఇంట్లో పెట్టించాం. "ఏమప్పా, మీ చీమ మా ఇంటికి రాదు కదా?" అని అడిగాడు. ఊరంతా తెలిసిపోయింది.

మొదటి రోజు! బరువు నూటా పది. గంజి, ఒక గ్లాసు. తీపి, సున్నా.

కన్యకమ్మ నా ఎదురుగా కూర్చుని, డాక్టరమ్మ చెప్పినట్టు, వేయించిన శెనక్కాయలతో బెల్లం తింటోంది. ఇన్ని వారాల తర్వాత కదా, కళ్లు మూసుకుని నములుతోంది. చూస్తే సంతోషంగా ఉంది. నిజంగా.

ఆమె చేతిలోంచి చిన్న ముక్క ఒకటి నా మంచం దగ్గర పడింది. ఆమె చూడలేదు.

చీమలు ఇంకా రాలేదు.