ఉస్తా ముందు వెయ్యని తాళం

నా ఇబ్తిసామ్ తల్లికి, అమ్మ రాసేది.

నిన్నటితో మీ అన్న నలభయ్యో దినం అయిపోయింది. ఖురాను చదివినవాళ్ళు వెళ్ళిపోయారు, కుర్చీలు వెనక్కి పంపేశాం. ఇప్పుడు ఇంట్లో చేయడానికి పనేమీ లేదు, అదే నన్ను చంపుతోంది. పొద్దున రొట్టె ముద్దలు ఎండకి పెట్టాను. రిఫాయీకి కూడా కలిపే పెట్టానని అవి పొంగాక గాని తెలియలేదు.

చక్కెర మిల్లువాళ్ళు కాగితం పంపారు. చెరకు మోసే గొలుసులో ఇరుక్కున్న గడలు లాగుతూ వాడు అజాగ్రత్తగా ఉన్నాడట. తప్పు వాడిదేనట. అన్నం తినేముందు చేతులు రెండుసార్లు కడుక్కునేవాడు, వాడు అజాగ్రత్తా?

ఇంజనీరింగ్ చదువు మానెయ్యమ్మా. ఒక యంత్రం ఒక బిడ్డని తినేసింది. ఇంకో యంత్రం ముందు ఇంకో బిడ్డని నిలబెట్టే గుండె నాకు లేదు. షాజలీ మామయ్య అస్యూత్‌లో మీ కాలేజీకి వచ్చి నిన్ను తీసుకొస్తానన్నాడు. ఆ మిల్లులో పెద్దమేస్త్రీ, ఉస్తా అయ్యుండి రిఫాయీని తన కిందే పనికి పెట్టుకున్నాడు కదా, పాపం, రోజూ వచ్చి గడపలోనే కూర్చుంటున్నాడు. 

వచ్చెయ్యి తల్లీ.
నీ అమ్మ, వహీబా

---

అమ్మా, నీ చేతులు కళ్ళకద్దుకుని రాస్తున్నాను.

రానని కాదు. ఒక్క సంగతి తెలియకుండా రాలేను.

మొదటి ఏడాది వాళ్ళకి ఇక్కడ ముందుగా చెప్పే పాఠం ఇది. మోటారుకి మనిషి తెలియదు, ఎవరు స్విచ్చు వేసినా తిరుగుతుంది. అందుకని యంత్రంలోకి దిగేవాడు కరెంటు ఆపి, ఆ స్విచ్చుకి తన తాళం తానే వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుని దిగాలి. ఎంతమంది దిగితే అన్ని తాళాలు. ఆఖరివాడు పైకొచ్చి తన తాళం తీసేదాకా ఆ స్విచ్చు కదలదు. అందరూ రాసుకుంటున్నారు. నేను కలం కింద పెట్టేశాను.

అన్నకి కూడా పారిశ్రామిక పాఠశాలలో ఎర్ర తాళం ఇచ్చారమ్మా. నాకు చూపించి, "ముట్టుకోకే కోతీ, ఇందులో నా ప్రాణం ఉంది" అని ఏడిపించాడు. ఆ రోజు ఆ తాళం ఎక్కడుంది? మామయ్యని అడుగు. అక్కడే ఉన్నాడుగా.

నీ ఇబ్తిసామ్

---

నా కంటిదీపానికి,

అడిగాను. అడక్కుండా ఉన్నా బాగుండేది.

తాళం వాడి బట్టలతోపాటే ఇంటికొచ్చింది, జేబులో. నేనే చూసుకోలేదు. ముందు వాడితో పనిచేసే హుమామ్‌ని పిలిచి అడిగాను. వాడు తల వంచుకున్నాడు. "ఉస్తా స్వయంగా స్విచ్చు దగ్గర కాపలా ఉంటే తాళం ఎవడేస్తాడు పిన్నీ? వేస్తే, 'ఏరా, నా మీసం కంటే నీ ఇనపముక్క గట్టిదా?' అంటాడు. ఇక జన్మంతా ఎగతాళే."

సాయంత్రం మీ మామయ్య వచ్చాడు. టీ ఇవ్వకుండానే అడిగాను.

"వాడు వేద్దామని జేబులోంచి తాళం తీశాడు చెల్లీ," అన్నాడు. "నేనే నవ్వాను. 'మీ మామ నిలబడి ఉన్నాడురా, దిగు' అన్నాను."

"మరి నిలబడ్డావా అన్నయ్యా?"

"పెద్ద ఇంజనీరు పిలిచాడు. ఒక్క మాట మాట్లాడి వద్దామని వెళ్ళాను. ఆలోగా షిఫ్టు మారే వేళయింది. కొత్తగా డ్యూటీ ఎక్కినవాడు చూశాడు. అక్కడ తాళం లేదు, మనిషి లేడు. నొక్కేశాడు."

గోడకేసి తల బాదుకున్నాడు. నేను ఆపలేదు. కైరో నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడట. "ఆయన ముందు ఈ మాట చెప్తావా?" అన్నాను. దేవుడి మీద ఒట్టేశాడు.

చెప్పనీ. మీ అన్న మీద పడ్డ ఆ మచ్చ పోయాక నువ్వొచ్చెయ్యి. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ బతుకుదాం.

అమ్మ

---

అమ్మా,

పెట్టె సర్దుకున్నాను. పరీక్షలు రాయనని చెప్పేశాను. మామయ్య నిజం చెప్తే ఆ మిల్లులో రేపటినుంచి స్విచ్చులకి తాళాలు పడతాయి, అన్న చావుకి ఆ మాత్రం అర్థమన్నా ఉంటుంది. ఆ కబురు రాగానే రైలెక్కుతాను.

నీ ఇబ్తిసామ్

---

నా తల్లీ, ఇబ్తిసామ్,

మీ మామయ్య చెప్పలేదు.

నేను మిల్లు ఆఫీసు తలుపు బయటే నిలబడ్డాను. "పిల్లాడు తొందరపడ్డాడండీ," అన్నాడు. అంతే. అధికారి రాసుకున్నాడు. లోపల ఎవరో టీ తెప్పించారు.

కాసేపటికి నేను మిల్లులోంచి వస్తుంటే గొలుసు ఆగి ఉంది. హుమామ్ లోపలికి దిగుతున్నాడు. స్విచ్చు పక్కన మీ మామయ్యే. తాళం లేదు. నేను పరుగెత్తి హుమామ్ చొక్కా పట్టుకున్నాను. "నాయనా, తాళం వేసుకో." వాడు సిగ్గుపడి చుట్టూ చూశాడు. "ఉస్తా ఉన్నాడుగా పిన్నీ, ఊరుకో, నవ్వుతారు." దిగిపోయాడు. మీ మామయ్య నావైపు చూడలేదు.

నా కొడుకు ఉత్తినే పోయాడు.

ఇంకో మాట రాయాలి, నీకు కాకపోతే ఎవరికి రాస్తాను. ఆ రాత్రి మీ మామయ్య వచ్చి గడపలో కూర్చుంటే, నేను లేచి రొట్టె, ములూఖియా ఆకుకూర పెట్టాను. తిన్నాడు. నేను నోరెత్తలేదు. నాకు మిగిలిన తోడబుట్టినవాడు అతనొక్కడే. ఇక్కడ మేమందరం ఇలాగే ఉన్నాం. నువ్వొస్తే నువ్వూ ఇలాగే వడ్డిస్తావు.

అందుకని రావద్దు. పెట్టె విప్పుకో, పరీక్షలు రాయి. ఏదో మంచి జరుగుతుందన్న ఆశతో చెప్పడం లేదు, నాలో ఆశ లేదు. రేపు నువ్వు ఏ యంత్రంలోకి దిగినా, బయట ఉన్నది ఎవరని చూడకు. ఉస్తా అయినా, రక్తసంబంధమైనా, నేనే వచ్చి స్విచ్చు దగ్గర నిలబడి "అమ్మనున్నానే, దిగు" అన్నా సరే, నన్ను నమ్మకు.

నా మొహం మీదే తాళం వేసి దిగు.

రిఫాయీ అమ్మ