మింకో బతికే ఉన్నాడని అభ్యంతరం

లైసెన్సుల విభాగం అధికారి గారికి,

అక్రోటు వీధి ఏడో నంబరు, రెండో అంతస్తు నుంచి త్సోన్కా నమస్కరించి రాయునది. నా కిటికీ కింద 'పిచ్చుక' అనే బారుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఊరంతా పడుకుంటుంది. బారు యజమాని మింకో మాత్రం అకార్డియన్ తీస్తాడు. వాడికొచ్చినవి మూడు పాటలు, మూడోది సగమే. ముప్ఫై ఏళ్ళు రైల్వే కేబిన్లో నిద్ర కాచినదాన్ని, ఇప్పుడైనా కునుకు తియ్యొద్దా? వచ్చే నెల వాడి లైసెన్సు రెన్యువలట. ఆపండి.

ఇట్లు,
నిద్రలేని త్సోన్కా

తా.క.: కాగితానికి అంటిన నూనె నేను చేసిన పొరల బానిత్స రొట్టెది. లోపలి జున్ను మంచిదే, కంగారు పడకండి.

*

త్సోన్కా గారికి,

అభ్యంతరం చెప్పే హక్కు మీకుంది. బారుకు యాభై మీటర్ల లోపు కాపురముండే అయిదుగురి సంతకాలు పంపండి. యజమాని పేరుతో ప్రకటన అచ్చు వేయించి, బారు తలుపుకీ వీధిలోనూ పద్నాలుగు రోజులు అంటించండి.

భవదీయుడు,
రద్కో, లైసెన్సుల విభాగం

తా.క.: నూనె మరక మీద విభాగంలో చర్చ జరిగింది. పిండి మీరే సాగదీస్తారా?

*

రద్కో గారికి,

కొంప మునిగింది! మా ఊళ్ళో ఉన్న ఒక్క ప్రెస్సువాడూ వేసేవి చావు ప్రకటనలే. అభ్యంతరం వెయ్యరా అంటే అదే నల్ల అంచు వేసి, పైన మింకో ఫొటో ఉచితంగా పెట్టాడు. నల్ల అంచు చూశాక కింద రాసింది చదివే ఓపిక మా వీధిలో ఎవడికుంది? మింకో చూస్తే చెల్లెలింటికి పోయి ఉన్నాడు. సాయంత్రానికి బారు గడప నిండా పూలు, పోయినవాళ్ళకి పెట్టినట్టు అన్నీ సరిసంఖ్యలో. సంతకం పెడతామన్న అయిదుగురూ వచ్చి గుండెలు బాదుకున్నారు. "పోయినవాడి మీద సంతకమేంటే, కళ్ళు పోతాయ్!" అని పక్కింటి వేస్కా నన్నే తిట్టింది.

ఇట్లు,
తల పట్టుకున్న త్సోన్కా

తా.క.: నిన్న మింకో దిగాడు. తన సంతాపసభలోనే వెనక బల్ల మీద కూచుని అంతా విన్నాడు. "ఇంకెవరైనా మాట్లాడతారా?" అని అడిగింది కూడా వాడే.

*

త్సోన్కా గారికి,

మీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఈలోగా మా తనిఖీదారు వచ్చి, తలుపు మీది ప్రకటన చూసి, టోపీ తీసి, ఫైల్లో 'యజమాని మృతి' అని రాసేశాడు. మింకో స్వయంగా వచ్చి బల్ల గుద్దారు. తన గురించి తాను చెప్పుకునే సాక్ష్యం చెల్లదన్నాం. ఆయన బతికున్నట్టు యాభై మీటర్ల లోపువారెవరైనా తేదీలూ గంటలూ వేసి రాసిస్తే తప్ప, సోమవారం బారుకు సీలు. మీరు గెలిచారు, హాయిగా పడుకోండి.

భవదీయుడు,
రద్కో

తా.క.: ఆయన ఆత్మశాంతికి తలో గుక్క రాకియా తాగాం. తీరా ఆయనే వచ్చి సీసా ఖాళీ చేశారు.

*

రద్కో బాబుకి,

వేస్కాకి చెవుడు. మిగతావాళ్ళు ఆ గంటల్లో పడుకుంటారు. వాడు బతికున్న గంటలన్నీ రాసిపెట్టుకున్నది నేనొక్కదాన్నే. ఇదుగో:

పన్నెండో తారీకు, రెండుంపావు: మొదటి పాట. పదమూడు: రెండోది, తప్పుల్తో. పద్నాలుగు: మూడోదాంట్లో సగం. ఆ సాయంత్రమే మీ సీలు కబురొచ్చింది. పదిహేను: ఏమీ లేదు. పదహారు: ఏమీ లేదు.

ఆ రెండ్రోజులూ రెండింటికే పడుకున్నాను నాయనా. కన్ను మూతపడితే ఒట్టు. నాలుగింటి దాకా కప్పు చూస్తూ మూడో పాటలో మిగతా సగం నేనే పాడుకున్నాను. చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

వాడు బతికే ఉన్నాడు, రెన్యువల్ చెయ్యండి. నా అభ్యంతరం వచ్చే ఏటికి జాగ్రత్తగా దాచండి.

ఇట్లు,
సాక్షి త్సోన్కా

తా.క.: బానిత్స పంపుతున్నాను, పిండి నేనే సాగదీశాను. గడప మీది డజను కార్నేషన్ పూలలో ఒకటి తీసేశాను. బతికున్నవాడికి పదకొండే పెట్టాలి కదా. ఆ ఒక్కటీ నా కిటికీలో ఉంది. దాని గురించి ఫైల్లో ఏమీ రాయకండి.