మాట వినని కండలు

12 జనవరి 1968, ఉదయం 6

కాళ్లు లేవట్లేదు.

పడుకునే రాస్తున్నాను. చేతులు బాగానే ఉన్నాయి. గిల్లితే కాళ్లకు నొప్పి తెలుస్తోంది, ఎత్తబోతే మాత్రం కదలవు. నిన్న తాలీంలో నా జోడీ భూమన్నతో గంటసేపు కుస్తీ పట్టాను. ఇంటికొస్తే నా భార్య రేణుక బెల్లం పోలెలు చేసింది. కడుపునిండా తిని, అలసటకు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. అంతే.

రేణుక పరాచికమనుకుంది. "బడి ఎగ్గొట్టెతందుకు గీ యేషాలా?" అని దుప్పటి లాగింది. నా ముఖం చూసి ఆగిపోయింది.

అదే రోజు, మధ్యాహ్నం

వచ్చాయి. ముందు వేళ్లు, తర్వాత మోకాళ్లు. ఎవరికీ చెప్పొద్దని రేణుకతో అన్నాను. డ్రిల్ మాస్టరు కాళ్లు పడిపోయాయంటే బోధన్ అంతా నవ్వుతుంది.

29 జనవరి

రెండింతలు తింటున్నాను, చిక్కిపోతున్నాను. చలిలో చెమట. విజిల్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. గుండె ఊరికే దడదడ.

ఉస్తాద్ దస్తగిర్ నా రెట్ట పట్టి చూశాడు. మీసం రాకముందు నుంచీ నాకు కుస్తీ నేర్పుతున్నవాడు. "గింత తింటున్నవ్, అంత ఏడ వోతున్నది బేటా?" అన్నాడు. భీమ్‌గల్ దంగల్ పోటీ దగ్గరపడింది, ప్రాక్టీస్ ఎక్కువైందన్నాను. నమ్మలేదు.

6 ఫిబ్రవరి

తెల్లారి తాలీంలో కసరత్తు చేసి, ముసురులో తడుస్తూ బడికి పోయాను. ప్రేయర్‌కు ముందు స్టాఫ్‌రూంలో కాసేపు కూర్చున్నాను. గ్రౌండుకు వచ్చి "అటెన్షన్" అన్నాను. పిల్లలంతా నిటారుగా నిలబడ్డారు. నేను కూలబడ్డాను.

ముందు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. హెడ్‌మాస్టరు వంగి నా నోరు వాసన చూశాడు. పడిపోయినందుకు కాదు, అందుకు ఏడుపొచ్చింది.

7 ఫిబ్రవరి

తాగి వచ్చానని కొందరంటున్నారట. ఎవరో చేతబడి చేశారని అత్తమ్మ భీమవ్వ అంటోంది. తాగుబోతు అనిపించుకోవడం కంటే అదే నయమనిపించింది.

12 ఫిబ్రవరి, నిజామాబాద్

నిన్న రాయలేదు. చేతులు కూడా పోయాయి. ఊపిరి పైపైనే ఆడింది. చచ్చిపోతానని రేణుకతో చెప్పాను.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా హెడ్‌మాస్టరు ఇంటికి పరుగెత్తిందట. "నా మొగడు తాగడు సార్. నడువుండ్రి, మీ కండ్లతోటి మీరే సూడుండ్రి" అని వెంటబెట్టుకొచ్చింది. ఆయన నా చెయ్యి ఎత్తి వదిలాడు. అది మంచం మీద టప్పున పడింది. "మాఫ్ చెయ్ ఆత్మారాం" అన్నాడు. అప్పటికే కబురందుకుని వచ్చిన ఉస్తాద్, చెరుకు దించి ఖాళీగా పోతున్న లారీని ఆపాడు. నిజామాబాద్ దాకా నా తల ఆయన ఒళ్లోనే.

ఆస్పత్రిలో డాక్టర్ నసీమా నా మెడ మీద చెయ్యి పెట్టి గుటక మింగమంది. కళ్లు చూసింది. ఉప్పగా, చేదుగా ఉన్న మందునీళ్లు కొంచెం కొంచెం తాగించింది. సాయంత్రానికి వేళ్లు కదిలాయి.

థైరాయిడ్ అట. మెడలోని గ్రంథి ఎక్కువ పనిచేస్తోంది. రక్తంలో ఉండాల్సిన పొటాషియం కండల్లోకి దూరిపోతోంది, అప్పుడు కండ మాట వినదు. ఒళ్లు విరిచే కసరత్తు చేసి పడుకున్నా, తీపి బాగా తిన్నా, చలి పట్టినా అలాగవుతుందట. కండ చచ్చిపోలేదని రెండుసార్లు చెప్పింది. గ్రంథి దారికొస్తే ఇదీ పోతుందట. అప్పటిదాకా మందులు. కుస్తీ బంద్.

నేను దంగల్ గురించి అడిగాను. ఆవిడ మందుల చీటీ రాస్తోంది. ఉస్తాదే చెప్పాడు: "దంగల్‌లు మస్తుగొస్తయ్ బేటా. నువ్వొక్కనివే."

3 మార్చి

భీమ్‌గల్ పోయాను, చూడ్డానికి. నా బదులు భూమన్న దిగాడు. గుంపులో ఎవడో "ఆత్మారాం భయపడ్డడు" అని అరిచాడు. ఉస్తాద్ గోదాలోకి దిగి, "గా పిలగాడు బీమారున్నడు. భయపడెటోడైతె ఈడికి వస్తుండెనా?" అన్నాడు. నేను తల దించుకోలేదు.

భూమన్న ఓడిపోయాడు. ముగ్గురం చాయ్ తాగి తిరిగొచ్చాం.

20 ఆగస్టు

వణుకు పోయింది. కండ పట్టింది. మళ్లీ ఒక్కసారి కూడా పడిపోలేదు. రేణుక మాత్రం ఇంకా నాకంటే ముందే లేస్తోంది, నేను లేచేదాకా తలుపు దగ్గరే నిలబడుతోంది.

9 డిసెంబర్

డాక్టరమ్మ కబురంపితే నిజామాబాద్ పోయాను. మోస్రా నుంచి వచ్చిన సిద్దిరాములు, చెరుకు కొట్టేవాడు. కాళ్లు పడిపోయాయి. మందు తాగాడు, నమ్మకం మాత్రం లేదు.

"ఇగ నా బతుకు గింతేనా సార్?" అన్నాడు.

"నాకు గూడ గిట్లనే అయింది" అన్నాను.

అతని కాలి బొటనవేలు పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి అది నా చేతిని నెట్టింది.