వద్దు అనే మాట లేని జాబితా

ఎర్రగుంటపల్లి,
తేది: 12-06-2006

సంగారెడ్డిలోని జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భర్త మాటలను ఆసుపత్రి కంప్యూటరులో ఎక్కించుకొనుట గురించి, మరియు ఈ నెల 19న జరుగు గ్రామసభలో ఆయన మాట వినవలసినదిగా కోరుట గురించి.

పటాన్‌చెరు మండలం ఎర్రగుంటపల్లి అంగన్‌వాడీ కార్యకర్త ముత్యమ్మ విన్నవించుకొనునది.

1. నా భర్త సంగయ్య, వయస్సు 61, ముప్పై ఏళ్ళు మా ఊరిలో డప్పు కొట్టి చాటింపు వేసినవాడు. గొంతు విప్పితే మూడు వాడలకు వినిపించేది. నాలుగేళ్ళ కిందట పార్కిన్సన్ అనే వణుకుడు జబ్బు వచ్చి చేతులతో పాటు గొంతునూ పట్టుకున్నది. ఇప్పుడు ఆయన మాట గుసగుస. కానీ తాను గట్టిగానే మాట్లాడుతున్నానని ఆయన నమ్మకం. "నీకే చెవుడొచ్చింది, పోయి సూపిచ్చుకో" అని నా మీదనే కోపం చేస్తాడు. ఇది కూడా జబ్బులో భాగమేనని డాక్టరమ్మ చెప్పినది.

2. ఏప్రిల్ గ్రామసభలో, మా ఊరి పక్కనున్న కంపెనీ విస్తరణకు మా ఎకరం ఇరవై గుంటలు తీసుకోవచ్చునా అని అధికారి అడిగారు. నా భర్త లేచి మూడుసార్లు "వద్దు" అన్నాడు. పక్కన కూర్చున్న నాకే సరిగా వినబడలేదు. నేను చెప్పబోతే పట్టాదారే చెప్పాలన్నారు. కాగితంలో "అభ్యంతరం చెప్పలేదు" అని రాసుకున్నారు.

3. అందుచేత పటాన్‌చెరులోని ఒక ఆసుపత్రిలో మాటలు నేర్పించే పద్మావతి గారి దగ్గరకు తీసుకుపోయాను. అక్కడ కంప్యూటరు తెర మీద ఒక మాట పడుతుంది. ఆయన మైకులో గట్టిగా, స్పష్టంగా చెబితే యంత్రం ఆ మాటను గుర్తుపట్టి పచ్చదీపం వెలిగిస్తుంది. చెప్పలేకపోతే మళ్ళీ చెప్పమంటుంది. ఇంతవరకు బాగున్నది. నెల రోజులలో గొంతు కొంచెం లేచింది కూడా.

4. అయితే అంగన్‌వాడీలో రోజూ గుడ్ల లెక్క, పిల్లల లెక్క చూసుకునే మనిషిని కనుక, ఆ మాటల జాబితా కూడా వరుసగా చూశాను. నలభై మాటలున్నవి. నీళ్ళు, అన్నం, రండి, సరే, అవును, తీసుకోండి, ఇస్తాను. వద్దు అన్న మాట ఎక్కడా లేదు. కంప్యూటరు పెట్టెకు అతికించిన దాత పేరు చూస్తే, మా భూమి అడుగుతున్న కంపెనీయే. ఆ యంత్రం చూసుకునే త్రినాథరావు గారిని అడిగాను.

"గీ మాటలన్నీ ఏడ పెడ్తరు సార్?"

"కంప్యూటర్లోనే ఉంటాయమ్మా. గొంతు ఎంత పెరిగిందో పోల్చుకోవడానికి."

"మరి వద్దు అనేది ఎందుకు పెట్టలే?"

"ముందుగా ఎక్కించిన మాటల్నే అది గుర్తుపడుతుంది. వద్దు అనేది మాకెవరికీ తట్టలేదు."

చదువుకున్నవాళ్ళు కూర్చుని నలభై మాటలు ఏరితే అందులో వద్దు తట్టలేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. పద్మావతి గారు మంచి మనిషే. కానీ పెట్టె ఆమెది కాదు గదా.

5. ఈ అనుమానం ఊరికే పుట్టినది కాదు. 1987లో అధికారులు నా భర్త చేతనే చాటింపు వేయించారు. "రేపు పొద్దుగాల అందరు చావడికాడికి రావాలె" అన్నదే ఆయన అరిచిన మాట. ఎందుకు రావాలో ఆయనకే చెప్పలేదు. కూలికి పోయేవాళ్ళు కూలికి పోయారు. తరువాత కాగితంలో "చాటింపు వేయించడమైనది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు" అని వచ్చి ఊరి భూమి తొంభై ఎకరాలు పోయినవి. "నా నోటితోనే పోయినయ్" అని ఆయన ఇప్పటికీ కుములుతాడు. ఇప్పుడు అదే నోటి నుండి రోజుకు ఇరవైసార్లు సరే, ఇరవైసార్లు ఇస్తాను అనిపిస్తున్నారు. ఆ రెండూ కలిపి సభలో వినిపిస్తే నేనేమి చేయాలి? అది సంగయ్య గొంతేనని మూడు వాడలూ సాక్ష్యం చెబుతాయి. నాకు భయంగా ఉన్నది. పది రోజులుగా ఆయనను ఆసుపత్రికి తీసుకుపోవడం మానుకున్నాను.

6. కావున తమరు దయతో
(అ) సదరు యంత్రంతో నా భర్త చేత మాటలు చెప్పించుట ఆపించి, ఎక్కించినవన్నీ చెరిపించవలెను.
(ఆ) 19న ఆయన నోటి దగ్గర చెవి పెట్టి, ఎంత ఆలస్యమైనా విని రాసుకొను మనిషిని నియమించవలెను.

పేద కుటుంబపు ఈ గోడు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ముత్యమ్మ

తా.క.: వేలిముద్ర కోసం ఈ అర్జీని అరుగు మీద కూర్చుని నా భర్తకు చదివి వినిపించాను. ఆరవ నంబరులో (అ) దగ్గరకు రాగానే ఆయన "వద్దు" అన్నాడు. వాడకు అవతల బోళ్ళు తోముకుంటున్న మల్లవ్వ తలెత్తి, "సంగన్న పిలిచిండా?" అని అడిగింది. నాలుగేళ్ళలో ఆమెకు ఆయన మాట వినబడడం ఇదే మొదలు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆయన మాత్రం, "మిషన్ ఉండనీ. గా మాట గూడ ఎక్కియ్యుమను" అన్నాడు.

కనుక (అ) కొట్టివేశాను. రేపు పొద్దున బస్సుకు మళ్ళీ ఆసుపత్రికి పోతున్నాము. జాబితాలో నలభై ఒకటవ మాట చేర్పించవలెను. కంపెనీ మీద నా అనుమానం అలాగే ఉన్నది. (ఆ) కూడా అలాగే ఉంచాను. వాడ అవతలి మల్లవ్వకు వినబడిన మాట, ఎదురుగా కుర్చీలో కూర్చున్న అధికారికి వినబడలేదంటే ఈసారి నేను నమ్మను.